సాయిలీ పంపకం

మానేభంజ్యాంగ్ బజారులో చంద్రమాన్ యోంజన్ ఇల్లెక్కడ అని అడిగితే సగంమంది బుర్ర గోక్కుంటారు. సాయిలీవాళ్ళ చంద్రమాన్ అంటే మాత్రం వీధికి ఇటువైపున్న ఇండియావాళ్ళూ, అటువైపున్న నేపాలువాళ్ళూ కూడా వేలు పెట్టి చూపిస్తారు. మా కొండల్లో మూడో ఆడపిల్లని సాయిలీ అని పిలుస్తారు. చంద్రమాన్ కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయి ఒకతె కాలింపాంగ్‌లో, ఒకతె ఇలామ్‌లో కాపురాలు చేసుకుంటున్నారు. మూడోది మాత్రం వాకిట్లోనే ఉండిపోయింది. దానికి నాలుగు చక్రాలు, దగ్గర దగ్గరగా రెండు దీపాలు, ఎంత తోసినా సరిగా పడని ఎడమ తలుపు. పుట్టిల్లు ఇంగ్లండు.

ఆ ల్యాండ్‌రోవర్ల పుట్టుక కథ మా దగ్గర ప్రతి డ్రైవరూ తనకు తోచినట్టు చెబుతాడు. అందరి కథల్లోనూ కలిసేది ఒకటుంది. పెద్ద యుద్ధం అయిపోయాక ఆ దేశంలో ఉక్కుకి కరువొచ్చింది. విమానాలు చెయ్యగా మిగిలిన అల్యూమినియం మాత్రం గుట్టలుగా పడి ఉంది. ఎవరో దొర సముద్రపు ఒడ్డున ఇసుకలో బండి బొమ్మ గీసి, పొలానికీ కొండకీ కూడా పనికొచ్చేది ఒకటి చేద్దామన్నాడు. రేకు ఆ మిగిలిన అల్యూమినియం, రంగు సైన్యం దగ్గర మిగిలిన పచ్చ. మిగిలిపోయినవాటితో చేసిన బండి కాబట్టే మిగిలిపోయినవాళ్ళకి అచ్చొచ్చిందని చంద్రమాన్ అంటుండేవాడు. నవ్వుతూనే అనేవాడుగానీ, ఆ మాటలో నవ్వు తక్కువ.

తేయాకు తోటల దొరలు వాటిని ఓడల మీద తెప్పించుకున్నారు. వెళ్ళిపోయేటప్పుడు పియానోలనూ కుక్కలనూ వదిలినట్టే వాటినీ వదిలేసి వెళ్ళారు. తోటల్లో చచ్చే దాకా తిప్పి, పనికిరావని పక్కన పడేసినవాటిని మావాళ్ళు కొనుక్కుని మానేభంజ్యాంగ్‌కి తెచ్చారు. ఎందుకంటే ఇక్కడినుంచి సందక్‌ఫూ శిఖరం దాకా ఉన్న దారిని అప్పట్లో దారి అనడానికి నోరు రావాలి. పరిచిన రాళ్ళు లేచిపోయి, మధ్యలో సెలయేళ్ళు పారుతూ, ఒక పక్క లోయ. గుర్రాలు కూడా ఆగి ఆలోచించే చోట ఈ బండి ఆలోచించకుండా ఎక్కేది. ఏడాదిలో ఎనిమిది నెలలు మంచూ ముసురూ కురిసే చోట మిగతా బళ్ళన్నీ తుప్పు పట్టి చస్తే దీని ఒంటి మీద ఒక్క మచ్చ పడేది కాదు.

చంద్రమాన్ తండ్రి వీపున బుట్ట కట్టుకుని సందక్‌ఫూకి బియ్యమూ కిరసనాయిలూ మోసినవాడు. నలభై దాటకుండానే మోకాళ్ళు పోయి మంచాన పడ్డాడు. కొడుకు వీపు మీద బుట్ట పడకూడదని ఆయన ఒకటే పట్టు. పిల్లనిచ్చిన మామ చౌరీ ఆవుల కాపరి. అల్లుడి మొహం చూసి మందలో సగం అమ్మి, తోటలో మూలన పడి ఉన్న సాయిలీని కొని ఇచ్చాడు. ఆయన కూతురు దిల్‌మాయా ఈ సంగతి మొగుణ్ణి ఏనాడూ మర్చిపోనివ్వలేదు.

"మా నాన్న చౌరీలు గడ్డి తిని పాలిచ్చేవి. నీ సాయిలీ పెట్రోలు తాగి పొగ ఇస్తోంది" అనేది, పొద్దున్నే అతను హ్యాండిల్ తిప్పుతూ ఆయాసపడుతుంటే.

"పొగ కాదే, ఊపిరి" అనేవాడు చంద్రమాన్.

"ఆ ఊపిరికి నా గుడ్డలు మసిబారుతున్నాయి ముసలోడా. దాన్నే పెళ్ళి చేసుకోకపోయావా."

అతనికి ముప్పయ్యేళ్ళు నిండకముందే ముసలోడా అనడం మొదలుపెట్టింది. చివరికి ఆ మాటకి తగిన వయసు అతనికి వచ్చిందిగానీ ఆమె నోటికి మాత్రం వయసు రాలేదు.

ఆ బండి మీద అతను మోయనిది లేదు. పైకి బియ్యం, ఉప్పు, రేకులు, బడి పంతుళ్ళు. కిందికి బంగాళాదుంపలు, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు, మంచులో బిగుసుకుపోయిన శవాలు. తర్వాతి కాలంలో టూరిస్టులు వచ్చారు. వాళ్ళు పైకప్పు కడ్డీకి తలలు కొట్టుకుంటూ, ప్రతి మలుపులోనూ దేవుళ్ళందర్నీ పిలిచేవాళ్ళు. చంద్రమాన్ గేరుపెట్టె పక్కన ఎర్రపిడి ఉన్న కడ్డీని వెనక్కి లాగేవాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారి నేలని పట్టుకునేవి. ఆ క్షణంలో ఇంజిన్ గొంతు మారి బరువుగా, నిదానంగా వినిపించేది. లోపల అరుస్తున్నవాళ్ళు కూడా దానికి నోరు మూసుకునేవారు. అలా మూసుకోవడం చూడటమంటే అతనికి మహా ఇష్టం. ఎవరితోనూ అనేవాడు కాదు.

ఇక పంపకం సంగతి చెప్పాలి, ఇదంతా దాని గురించే కాబట్టి.

విడిభాగాలు ఇంగ్లండులోనే దొరకడం మానేసినప్పుడు మానేభంజ్యాంగ్ బజారులో ఎక్కడ దొరుకుతాయి? అందుకని మావాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. బాగుచెయ్యడానికి వీల్లేని స్థితికి ఏ బండైనా వస్తే దాన్ని తుక్కు కొట్టుకి అమ్మరు. యజమాని కబురు పెడతాడు. డ్రైవర్లంతా తెల్లారేసరికి తలా ఒక సీసా రక్సీ సారా, ఒక తెల్లటి ఖాదా కండువా పట్టుకుని వస్తారు. ముందు వాకిట్లో ధూపిచెట్టు ఆకులు కాల్చి పొగ పెడతారు. ఖాదాలు బానెట్ మీద కప్పుతారు. ఆ తర్వాత విప్పడం మొదలు. ఎవరికి ఏది కావాలో పైకి చెప్పి, ఏ బండికి వేస్తారో కూడా చెప్పి తీసుకోవాలి. తీసుకున్నది కదిలే బండిలోకే వెళ్ళాలి. పిలిస్తే రానని అనకూడదు. వచ్చినవాడు ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. పొద్దు వాలేసరికి వాకిట్లో ఒక్క నట్టు కూడా మిగలకూడదు, మిగిలితే ఆ ఇంటికి మంచిది కాదని నమ్మకం. డబ్బు మాట ఎవరూ ఎత్తరు.

దాంతో చచ్చిన బండి పదిమంది బళ్ళలో తిరుగుతుండేది. దానితోపాటు దాని యజమాని పేరు కూడా. సాయిలీలో ఉన్న గేరుబాక్సు వాంగ్దీ లామాది. వాంగ్దీ పోయి ఇరవయ్యేళ్ళు దాటింది. అయినా గైరీబాస్ దాటాక ఎత్తులో గేరు కొంచెం మొరాయిస్తే చంద్రమాన్ "వాంగ్దీకి ఇవాళ ఒంట్లో బాగోలేదు" అనేవాడు. టీ కొట్టు దగ్గర ఆగితే మిగతా డ్రైవర్లు "వాంగ్దీ ఎలా ఉన్నాడు?" అని అడిగేవారు. వాంగ్దీ పెళ్ళాం ఆ టీ కొట్టులోనే కప్పులు కడిగేది. ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకుని చిన్నగా నవ్వుకునేది. చనిపోయాక ఇంతకంటే ఏం కావాలి మనిషికి అని చంద్రమాన్ అనుకునేవాడు. కొడుకులు లేనివాడు. తన పేరు కూడా ఆ దారిలో అలా ఎవరి నోటనో నలుగుతుండాలని అతని ఆశ. అంతకుమించి అతను ఏదీ కోరుకోలేదు.

అంతలో దారికి సిమెంటు వేశారు.

ముందు కింది నాలుగు మలుపులకి వేశారు, తర్వాత తుమ్లింగ్ దాకా, తర్వాత ఇంకా పైకి. మంచి పనే. నొప్పులు పడే ఆడవాళ్ళకి మంచిదే, పంతుళ్ళకి మంచిదే. కానీ ఆలోచించకుండా ఎక్కే బండి అవసరం తీరిపోయింది. మెత్తటి సీట్లతో తెల్లటి కొత్త బళ్ళు వచ్చాయి. టూరిస్టులు ముందు పాతబండి పక్కన నిలబడి ఫోటో తీసుకుని, తర్వాత వెళ్ళి కొత్తబండి ఎక్కేవారు. ఒక్కొక్కరే మారిపోయారు. అందరికంటే గట్టివాడనుకున్న గ్యాల్జెన్ షెర్పా కూడా కొత్తది కొని, పాతదాన్ని షెడ్డులో పెట్టి తాళం వేశాడు.

"అమ్మలేదు దాజూ. లోపల పెట్టాను, అంతే. లోసార్ పండగ అయ్యాక బయటికి తీస్తా" అన్నాడు గ్యాల్జెన్, అన్నగా పిలుచుకునే చంద్రమాన్ కళ్ళలోకి చూడకుండా.

లోసార్లు వచ్చాయి, పోయాయి.

వర్షాలు వెళ్ళీ వెళ్ళకముందే కాలీపోఖ్రీ దగ్గర సాయిలీ నడుం విరిగింది. మెల్లగా తాడు కట్టి సుఖియా దాకా దింపుకొచ్చారు. అక్కడ వెల్డింగు చేసే మోక్తాన్ కిందికి దూరి, చాలాసేపు సుత్తితో తట్టి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఛాసిస్ పోయింది దాజూ. అతుకు వేద్దామన్నా నిలిచే జాగా లేదు. చూడు, వేలు దూరిపోతోంది."

"పైన రేకు చెక్కుచెదరలేదు కదా."

"రేకుకేం, మన మనవలు పోయినా ఉంటుంది. అది అల్యూమినియం. కింద వెన్నుపూస ఉక్కుదే కదా. దానికి తుప్పు రాకుండా ఎవరాపుతారు?"

చంద్రమాన్ కూడా కిందికి దూరి చూశాడు. అతని చేతికి ఎర్రటి పొడి అంటుకుంది. ఇన్నేళ్ళూ పైన తళతళలాడుతుంటే చూసి మురిసిపోయాడుగానీ, లోపల ఇది ఇలా తినేస్తోందని అతనికి తెలియలేదు. ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

వారం తిరక్కుండానే బాగ్చీ బాబు వచ్చాడు. లేప్చాజగత్ పైన్ అడవుల్లో కొత్తగా కట్టిన హోటల్‌కి మేనేజరు. మర్యాద తెలిసిన మనిషి, చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"మీరు ఎంతంటే అంత. గౌరవంగా చూసుకుంటాం యోంజన్‌జీ. గేటు పక్కన నిలబెడతాం, పాత రంగే వేయిస్తాం. బానెట్‌లో పూలమొక్కలు పెట్టిస్తాం" అన్నాడు.

"బానెట్‌లో ఏం పెట్టిస్తారు?"

"పూలు."

"టీ చల్లారిపోతోంది బాబూ, తాగండి" అన్నాడు చంద్రమాన్. బాగ్చీ బాబుకి అర్థమైంది. టీ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అతను గడప దాటగానే దిల్‌మాయా అందుకుంది.

"ఇచ్చెయ్యకపోయావా? ఏం చేస్తావు దీన్ని, ఉప్పులో ఊరేస్తావా?"

"పంపకం పెడతాను."

"ఎవరికి?"

"ఎవరికేమిటే, మనవాళ్ళకి. గ్యాల్జెన్‌కి ఉంది, నీమావాళ్ళకి ఉంది, కాఫ్లేవాళ్ళకి ఉంది."

"గ్యాల్జెన్ షెడ్డులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. నీమా బావమరిది తన బండిని పోయిన చలికాలమే తుక్కు కొట్టుకి తోలేశాడు. నీకు ఎవరూ చెప్పలేదా, చెప్పినా నీ చెవికెక్కలేదా?"

"ఆడవాళ్ళ కబుర్లు" అన్నాడు చంద్రమాన్. "బండి ఉన్నవాడే వస్తాడు. లేనివాడు రాడు."

ఇక్కడే పొరపడ్డాడు. పిలిస్తే రానని అనకూడదన్నది తను కూడా పాటించిన నియమమే. కబురు పెడితే వాళ్ళని ఇరుకున పెట్టినట్టవుతుందని అతనికి తట్టలేదు. మా కొండల్లో పుట్టని వాడైతే ముందు ఎవరికి బండి ఉందో కనుక్కుని పిలిచేవాడేమో. మావాళ్ళు అలా కనుక్కోరు. పంపకానికి ముందు ఎదుటివాడి షెడ్డులోకి తొంగిచూడటం అంటే వాడి మాట మీద నమ్మకం లేదని చెప్పడమే.

అందరూ వచ్చారు. తెల్లటి కొత్త బళ్ళలో వచ్చి, వాటిని చాలా దూరంగా, మలుపు అవతల ఆపి, నడిచి వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఖాదా, సీసా. ధూపి పొగ వాకిలంతా కమ్ముకుంది. సాయిలీ బానెట్ తెల్లటి బట్టలతో నిండిపోయింది. చంద్రమాన్ శుభ్రంగా స్నానం చేసి, టోపీ పెట్టుకుని, స్పానర్లు గుడ్డ మీద వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. ఏడుస్తాడేమోనని భయపడ్డారు అందరూ. అతను ఏడవలేదు. పెళ్ళివాళ్ళకి ఎదురొచ్చినట్టు నవ్వుతూ పలకరించాడు.

"గేరుబాక్సు నాకు దాజూ" అన్నాడు గ్యాల్జెన్, అందరికంటే ముందు. గొంతు కొంచెం గట్టిగానే పలికింది. "షెడ్డులో నా బండికి."

"వాంగ్దీని జాగ్రత్తగా చూసుకో. పొద్దున్నే తొందరపెట్టకు వాణ్ణి."

"అట్లాగే."

"రేడియేటరు మా బావమరిదికి" అన్నాడు నీమా. "దీపాలు రెండూ తుమ్లింగ్‌లో మా పెదనాన్న కొడుక్కి" అన్నాడు కాఫ్లే. తలుపులు, సీట్లు, స్టీరింగు, బానెట్, కప్పు. ప్రతివాడూ ఒక బండి పేరు చెప్పాడు. కదిలేది ఒక్కటీ లేదు. చెప్పేవాళ్ళకి తెలుసు, పక్కన వింటున్నవాళ్ళకి తెలుసు. ఒకడు చెబుతుంటే ఇంకొకడు నేల చూపులు చూశాడు. వంటింటి గుమ్మంలో పళ్ళెం నిండా సెల్‌రోటీలు పట్టుకుని నిలబడిన దిల్‌మాయాకి కూడా తెలుసు. ఆమె అందరి మొహాలూ ఒకసారి కలయజూసి, ఒక్కొక్కరికి రెండేసి రోటీలు పెట్టింది.

పుచ్చిపోయిన ఛాసిస్‌ని ఇంటి వెనక వాగు మీద అడ్డంగా వేసి నడకదారి చేశారు. పొద్దు వాలేసరికి వాకిట్లో నూనె మరకలు మాత్రం మిగిలాయి. చంద్రమాన్ చీపురు తీసుకుని తనే ఊడ్చి, ఒక్క నట్టు కూడా లేదని వంగి వంగి చూసుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు అతను హాయిగా ఉన్నాడు. ఆ మాట ఒప్పుకోవాలి. బజారులోకి వెళ్ళి ఎవరు కనిపించినా "ఎలా ఉంది నడక?" అని అడిగేవాడు. వాళ్ళు "బాగుంది దాజూ, ఇంకా బిగించాలి" అనో, "మెకానిక్కు దొరకడం లేదు" అనో అనేవాళ్ళు. కొందరు అతన్ని చూసి సందులోకి తిరిగేవాళ్ళు. అతను అది గమనించలేదు. ఇంటికొచ్చి దిల్‌మాయాకి పూసగుచ్చినట్టు చెప్పేవాడు.

"నీమా రేడియేటరు బిగించాడట. కారడం లేదట."

"నీ బుర్రే కారుతోంది. చలిలో తిరక్కు, కూర్చుని బీన్సు వొలువు" అనేది దిల్‌మాయా.

చలికాలం వెళ్ళేసరికి కళ్ళు మసకేస్తున్నాయని డార్జిలింగ్‌లో డాక్టరుకి చూపించుకోవడానికి బయల్దేరాడు. షేర్ టాక్సీ నడిపేవాడు మానేభంజ్యాంగ్ కుర్రాడే, కాఫ్లేకి అన్న కొడుకు. లోపల పదిమందీ ఊరివాళ్ళే. సుఖియా దాటి పైన్ చెట్ల మధ్యకి రాగానే ఆ కుర్రాడు ఉన్నట్టుండి వేగం పెంచి, "తాతా, ఎడమపక్క చూడు. కాంచనజంగ ఎంత బాగా కనిపిస్తోందో" అన్నాడు.

"అబ్బ, ఇవాళ మబ్బు పూర్తిగా విడిచింది" అంది వెనకసీటులో ఒకావిడ.

"అంత స్పష్టంగా ఈ మధ్య ఎప్పుడూ లేదు" అన్నాడు పక్కనున్న పోస్టుమాస్టరు.

చంద్రమాన్ కళ్ళు చిట్లించి ఎడమపక్కకి చూశాడు. తెల్లటి మంచు తప్ప ఏమీ కనిపించలేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. టాక్సీలో అందరికీ కనపడుతున్న కొండ తనకి కనపడకపోతే ఇక చూపు పోయినట్టేనని భయం పట్టుకుంది. "అవునవును, బాగుంది" అన్నాడు.

డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. "పొర ఇప్పుడిప్పుడే మొదలవుతోంది పెద్దాయనా. దూరపు చూపు బాగానే ఉంది" అన్నాడు.

"పొద్దున కాంచనజంగ కనపడలేదు."

"నాకూ కనపడలేదు. నాలుగు రోజుల నుంచి మంచే కదా."

తిరుగు ప్రయాణంలో ఎక్కిన టాక్సీ డార్జిలింగ్‌వాడిది. వాడికి చంద్రమాన్ ఎవరో తెలియదు. పైన్ చెట్ల మధ్య ఎదురుగా లారీ రావడంతో పక్కకి తీసి ఆపాడు. ఆపిన చోటు ఎడమ పక్కన హోటల్ గేటు ఉంది. గేటు పక్కన సిమెంటు దిమ్మెల మీద సాయిలీ నిలబడి ఉంది.

"ఇక్కడ దించెయ్యి బాబూ" అన్నాడు చంద్రమాన్.

అన్నీ వచ్చాయి. నీమా రేడియేటరు, కాఫ్లే దీపాలు, సరిగా పడని ఎడమ తలుపు. బోల్టుకి బోల్టు కలిపారు. కొత్త పచ్చరంగు వేశారు. బానెట్ మూత తీసి, ఇంజిన్ ఉండవలసిన చోట మట్టి పోసి, అందులో ఎర్రటి జెరేనియాలు నాటారు. చంద్రమాన్ చుట్టూ తిరిగి చూశాడు. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది, నిలబడటానికి ఆసరా ఉండేది. ఎడమపక్కన కొండని చూపించిన మనుషులందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. టాక్సీలో ఉన్న పదిమందికీ తెలుసు. ఊరందరికీ తెలుసు. తను బజారులో నిలబడి "ఎలా ఉంది నడక?" అని అడుగుతుంటే వాళ్ళందరూ ఎలా భరించారో అనిపించి సిగ్గుతో చచ్చిపోయాడు.

బాగ్చీ బాబు అద్దాల్లోంచి చూసి గబగబా వచ్చాడు. దణ్ణం పెట్టాడు.

"వాళ్ళని ఏమీ అనకండి యోంజన్‌జీ. ఎవరూ తమంతట తాము ఇవ్వలేదు. నేనే మళ్ళీ మళ్ళీ తిరిగాను. ఇంట్లో పెట్టుకోలేరు, పారెయ్యలేరు. ఒకాయనైతే, రోజూ కళ్ళెదుట పడుతుంటే అన్నం సయించడం లేదు, తీసుకుపొండి బాబూ అని ఏడ్చేశాడు."

"గేరుబాక్సు ఏది?"

"అదా... బయటికి కనపడేది కాదు కదా. మాకు అవసరం లేదన్నాం."

"మరెక్కడుంది?"

"తుక్కువాడు తీసుకెళ్ళాడని విన్నాను" అన్నాడు.

చంద్రమాన్ తల ఊపాడు. వాంగ్దీ రెండోసారి పోయాడు. ఆ సంగతి ఆ టీ కొట్టు ముసలిదానికి ఎవరూ చెప్పి ఉండరు, చెప్పే మొగాడు కూడా ఎవడూ లేడు.

అంతలో కలకత్తా నుంచి వచ్చిన కొత్త జంట ఒకటి ఫోన్ పట్టుకుని దగ్గరికి వచ్చింది. అమ్మాయి చంద్రమాన్ టోపీని చూసి ముచ్చటపడింది. "తాతగారూ, కొంచెం లోపల కూర్చుంటారా? మీరు కూర్చుంటే నిజం బండిలా ఉంటుంది" అంది. పాపం, పిల్ల మంచిదే. ఎక్కి కూర్చున్నాడు. ఎడమ కాలు దానంతట అదే క్లచ్ వెతుక్కుంది. చెయ్యి ఎర్రపిడి మీద పడింది. వెనక్కి లాగాడు. ఖాళీ కుండలో గరిటె తిప్పినట్టు అది ఎటు తిప్పితే అటు తిరిగింది.

"నవ్వండి తాతగారూ" అంది అమ్మాయి.

నవ్వాడు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. దిల్‌మాయా పొయ్యి దగ్గర కూర్చుని గుండ్రుక్ పులుసు కలుపుతోంది.

"ఏమన్నాడు డాక్టరు?"

"బాగానే కనపడుతున్నాయట."

"ఇంతసేపూ ఎక్కడున్నావు? టాక్సీలన్నీ ఎప్పుడో వచ్చాయి."

అతను చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. గ్యాల్జెన్ ఏం చేశాడో, మిగతావాళ్ళు ఏం చేశారో ఈ ఇంట్లో తెలియకూడదని దారిలోనే అనుకున్నాడు. తెలిస్తే దిల్‌మాయా రేపు పొద్దున్నే బజారు మధ్యలో నిలబడి ఒక్కొక్కణ్ణీ పేరుపేరునా కడిగేస్తుంది. వాళ్ళు మొహాలు ఎత్తుకోలేరు.

"గ్యాల్జెన్ కలిశాడు" అన్నాడు. "వాంగ్దీని బిగించాడట. షెడ్డులోంచి బయటికి తీశాడట. ఎర్రపిడి లాగగానే బండి లేచి నిలబడిందట. ఎండలు రాగానే సందక్‌ఫూ దాటి ఫాలూట్ దాకా తీసుకెళ్తాడట."

ఆ మాటకి దిల్‌మాయా దగ్గర కనీసం పది జవాబులు ఉండాలి. గ్యాల్జెన్ కోళ్ళని కూడా తీసుకెళ్తాడా అనాలి. నీ కళ్ళే కాదు చెవులు కూడా చూపించుకోవలసింది ముసలోడా అనాలి. నలభై ఏళ్ళుగా ఆమె ఒక్క మాట కూడా నేల మీద పడనివ్వలేదు.

ఆమె గరిటె ఆపింది. పొయ్యిలోకే చూస్తూ, "మంచిదే కదా" అంది. కంచం తెచ్చి అతని ముందు పెట్టింది. అన్నం వడ్డించింది. ఎప్పుడూ పొయ్యనంత నెయ్యి పోసింది.

చంద్రమాన్ తల ఎత్తి ఆమెని చూశాడు. ఆమె చూడలేదు. బీన్సు కూరతో కంచంలో ఖాళీ లేకుండా నింపుతోంది. ఈమెకి కూడా తెలుసని, తనకంటే చాలా ముందే తెలుసని, ఇన్నాళ్ళూ ఆ ఎత్తిపొడుపులన్నీ తనకి అనుమానం రాకుండా ఉండటానికేనని అతనికి అప్పుడు అర్థమైంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నీళ్ళు తాగి దింపుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?" అంది దిల్‌మాయా.

"సరిపోయింది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో సాయిలీ పేరు ఎవరూ ఎత్తలేదు.